మావయ్య గారి చక్రాల కుర్చీ, సీఎన్‌జీ సిలిండరు, మా ఇంటి లెక్క

మాది అంబాజీపేట పక్కన పల్లెటూరండి. ఇంట్లో ఆరుగురం. మావయ్య గారు, అత్తయ్య గారు, మా ఆయన, నేను, రాజమండ్రిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి. మా ఆయనది కొబ్బరికాయల వ్యాపారం, నేను సాయంత్రం పూట పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తాను. 2025 దసరాకి కారు కొన్నాం. కొనే ముందు నాలుగు నెలలు పడ్డ తిప్పలు, వేసిన లెక్కలు, అందులో నేను ఎక్కడ తప్పేనో కూడా రాద్దామని కూర్చున్నాను, మాలాగా ఇంట్లో పెద్దవాళ్ళని తిప్పుకుంటూ పెట్రోల్ బంకు బోర్డు చూస్తే గుండె గుభేల్‌మనేవాళ్ళకి ఎవరికైనా పనికొస్తుందేమోనని.

ముందు పాత కారు సంగతి చెప్పాలి. 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 2017లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఏ మాటకామాట, బాగానే నడిచింది, పిల్లలిద్దరూ దాంట్లోనే పెరిగేరు. 2024 సంక్రాంతి వెళ్ళిన నెలకి మావయ్య గారికి పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. మూడు వారాలు రాజమండ్రి హాస్పిటల్లో ఉండి ఇంటికొచ్చేరు, అప్పట్నించీ వారానికి మూడు రోజులు అమలాపురంలో ఫిజియోథెరపీ, నెలకోసారి రాజమండ్రి డాక్టర్ గారి దగ్గర చెకప్. ఆయన మనిషి ఆరడుగులు. పాత కారు సీటేమో కింద నేలకి ఆనుకున్నట్టుండేది, ఆయన్ని అందులో కూచోబెట్టడమంటే నూతిలోకి దింపినట్టే. నేను చంకలో చెయ్యేసి పట్టుకుంటే అత్తయ్య గారు తల ఎక్కడ తగులుతుందోనని పైన చెయ్యి అడ్డం పెట్టేవారు, ఆ తర్వాత ఎడం కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టాలి. చక్రాల కుర్చీ డిక్కీలో సగమే పట్టేది, డిక్కీ తలుపు తాడేసి కట్టుకుని వెళ్ళేవాళ్ళం.

2025 మే నెలలో ఒక రోజు ఇంటికొచ్చి దింపేక చూస్తే ఆయన ఎడం కాలి చెప్పంతా రక్తం. ఎక్కేటప్పుడు బొటనవేలు తలుపు కింద రేకు అంచుకి పట్టుకుని గోరు లేచిపోయింది. ఆ కాలికి స్పర్శ తక్కువ, ఆయనకి తెలీలేదు. పది కిలోమీటర్లు అలాగే కూచుని వచ్చేరు. అత్తయ్య గారు ఏం మాట్లాడలేదు, అరుగు మీద కూచుని ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని తుడుస్తుంటే మా ఆయన నా వైపు చూసి, కారు మార్చేద్దాం అన్నారు.

అనడం తేలికే. అప్పటికే ఆ పాత బండి మైలేజీ పడిపోయి ఉంది. పెట్రోల్‌లో ఇథనాల్ కలిపేది పెంచుకుంటూ వచ్చి 2025కి 20 శాతం చేసేరు కదా, ఇథనాల్‌లో పెట్రోల్ కన్నా మూడో వంతు శక్తి తక్కువ, మరి 2012లో తయారైన ఇంజను దాని కోసం చేసింది కాదు. అంతకు ముందు లీటరుకి 15 ఇచ్చేది, 13కి వచ్చింది. మొత్తం ఇథనాల్ వల్లే అని నేను అనను, బండి వయసు కూడా ఉంది. ఏదైతేనేం, మా దగ్గర లీటరు 110 దరిదాపుల్లో ఉన్నప్పుడు కిలోమీటరుకి ఎనిమిది రూపాయల నలభై పైసలు పడుతోంది. ఫిజియోథెరపీకి వెళ్ళొస్తే 170 రూపాయల పెట్రోలు, అలా వారానికి మూడుసార్లు.

ఇక సలహాలు మొదలయ్యేయండి. మా ఆయన మనసు ఎర్టిగా మీద, ఏడు సీట్లు ఉంటే ఇంటిల్లిపాదీ ఒకే బండిలో వెళ్ళొచ్చు, సంక్రాంతికి ఆడపడుచులు వస్తే వాళ్ళూ సర్దుకుంటారు అని. మార్కెట్లో ఆయన స్నేహితులందరూ డీజిలే కొనమన్నారు. మా తమ్ముడేమో, అక్కా కరెంటు బండి తీసుకో, కిలోమీటరుకి రూపాయి రూపాయిన్నర మించదు అన్నాడు. ఎవరి మాట వాళ్ళు చెప్పే తీరు చూస్తే అదే రైటనిపిస్తుంది. నాకు చిరాకేసి ట్యూషన్ పిల్లలది రాయని నోటుబుక్కు ఒకటి తీసి, జూన్ ఒకటో తారీకు నుంచి ఈ ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి వెళ్ళినా, కారులో వెళ్ళినా ఆటోలో వెళ్ళినా, ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది, కుర్చీ ఉందా లేదా రాయడం మొదలుపెట్టేను. ముందు అందరూ నవ్వేరు. రెండో వారం నుంచి అత్తయ్య గారే, అమ్మాయ్ ఇవాళ్టిది రాసేవా అని అడిగేవారు.

ఆగస్టు ఆఖరికి కూడితే మూడు నెలల్లో 3,000 కిలోమీటర్లు తేలింది. ఫిజియోథెరపీ 39 సార్లు, పోనూ రానూ 20 కిలోమీటర్ల లెక్కన 780. రాజమండ్రి ఐదుసార్లు, డాక్టర్ చెకప్పూ అమ్మాయి హాస్టలూ ఒకే రోజు కలుపుకుంటాం, 600. కాకినాడ రెండుసార్లు 280. మా ఆయన పని మీద రావులపాలెం, పాలకొల్లు, రాజోలు వైపు తిరిగింది 840. పెళ్ళిళ్ళు, గుళ్ళు, బజారు అన్నీ కలిపి ఇంకో 500. అంటే నెలకి వెయ్యి. అసలు కళ్ళు తెరిపించిన అంకె వేరే ఉంది. ఆరుగురం కలిసి వెళ్ళింది మూడు నెలల్లో నాలుగంటే నాలుగుసార్లు. కుర్చీతో వెళ్ళింది నలభై పైన. ఆ నలభైలోనూ బండి నడిపింది నేనే, ఎందుకంటే ఫిజియోథెరపీ టైము పొద్దున్న తొమ్మిదింటికి, ఆ వేళకి మా ఆయన మార్కెట్లో ఉండాలి.

ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చేం.

డీజిల్ సంగతి తొందరగానే తేలిపోయింది. మారుతి వాళ్ళు 2020 ఏప్రిల్లో పొగ మీద బీఎస్ 6 అనే కొత్త నిబంధనలు వచ్చినప్పుడే డీజిల్ కార్లు మానేసేరు, మిగతా కంపెనీల్లో ఉన్నాయి గానీ ధర ఎక్కువ, పైగా ఇప్పటి డీజిల్ బండికి పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఒకటుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు బండి పావుగంటైనా ఆగకుండా కాస్త స్పీడు మీద వెళ్ళాలి. మా కాలవ గట్టు రోడ్ల మీద అది ఎక్కడ కుదురుతుందండి? ఓ పక్క కాలవ, ఓ పక్క చేలు, ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు, నలభై దాటితే గొప్ప. రోజూ హైవే మీద తిరిగేవాళ్ళకి డీజిల్ మంచిదే, రోజుకి పది పది కిలోమీటర్లు తిరిగే మాకు ఆ ఫిల్టరు మూసుకుపోయిందంటే ఆ ఖర్చు తట్టుకోలేం.

కరెంటు బండి గురించి మా తమ్ముడు చెప్పినదాంట్లో అబద్ధం ఏం లేదు. మా పుస్తకం ప్రకారం చూసినా రోజుకి 150 కిలోమీటర్లు దాటిన రోజు ఒక్కటీ లేదు, జీఎస్టీ కూడా దానికి ఐదు శాతమే. మనసు చాలా లాగింది. రెండు అడ్డాలు వచ్చేయి. ఒకటి మొదట్లోనే పెట్టాల్సిన డబ్బు, మా బడ్జెట్‌లో వచ్చే బండికి బ్యాటరీ చిన్నది. రెండోది తుఫాన్లు. మాది సముద్రానికి దగ్గర, గాలి గట్టిగా వేస్తే కొబ్బరి చెట్లు తీగల మీద పడతాయి, రోజుల తరబడి కరెంటు ఉండదు, సరిగ్గా అప్పుడే పెద్దాయనకి ఏదైనా అయితే? ఈ భయం అందరికీ ఉండాలని లేదు, టౌన్లో ఉండేవాళ్ళయితే నేనే కొనమంటాను.

ఈలోగా యానాం ముచ్చట ఒకటి. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి అక్కడ పన్ను తక్కువ, అప్పట్లో పెట్రోల్ లీటరుకి పది రూపాయల పైనే తేడా ఉండేది. మా వైపు వాళ్ళు ఎదుర్లంక వంతెన దాటి వెళ్ళి ట్యాంకు ఫుల్ చేయించుకుని వస్తుంటారు. పెట్రోల్ బండే కొని యానాంలో కొట్టించుకుందాం, తేడా పూడిపోతుంది అన్నారు మా ఆయన. సరే అని లెక్క వేసేను. మా ఊరి నుంచి యానాం 40 కిలోమీటర్లు, పోనూ రానూ 80. ముప్ఫై లీటర్లు కొట్టిస్తే మిగిలేది 350 రూపాయలు. 80 కిలోమీటర్లు తిరగడానికి పాత బండికి ఆరు లీటర్లు, అంటే 600. కాకినాడ వెళ్తూ దారిలో కొట్టించుకుంటే లాభమే, దానికోసమే వెళ్తే జేబులోంచి పెట్టాలి. కాగితం చూపిస్తే ఆయన ఒప్పుకున్నారు.

మిగిలింది సీఎన్‌జీ, అంటే సిలిండర్లో ఒత్తి నింపే గ్యాస్. మేము చూసినప్పుడు కేజీ తొంభై దాటి ఉంది, చిన్న బండి మా రోడ్ల మీద కేజీకి 22 ఇస్తుందనుకుంటే కిలోమీటరుకి నాలుగు రూపాయల పది పైసలు. అదే కొత్త పెట్రోల్ బండి 16 ఇస్తుందనుకున్నా దాదాపు ఏడు రూపాయలు. నెలకి వెయ్యి కిలోమీటర్లకి తేడా 2,700. సీఎన్‌జీ మోడల్‌కి లక్ష దాకా ఎక్కువ పెట్టాలి, అది మూడేళ్ళ చిల్లరలో తిరిగొస్తుంది. కంపెనీ వాళ్ళు చెప్పే మైలేజీ అంకెలు పక్కన పెట్టేసేను, అవి ఇంకా ఎక్కువే ఉంటాయి, మన గట్టు రోడ్డు మీద రెండో గేరులో ఈడ్చే సంగతి ఆ అంకెలకి తెలీదు. గ్యాస్ మీద పికప్ తక్కువ అని చాలామంది భయపెట్టేరు. నిజమే, టాటా వాళ్ళ పంచ్ అనే చిన్న బండికి పెట్రోల్ మోడల్లో ఇంజను బలం 88 పీఎస్ ఉంటే గ్యాస్ మీద 73 చిల్లర. కానీ మాకు ఘాట్ రోడ్లెక్కడివండి, మా డెల్టా అంతా అరచెయ్యిలా చదును, ఎత్తంటే వంతెనలే. వంతెన ఎక్కేటప్పుడు ఒక గేరు తగ్గించుకుంటే సరిపోతుంది.

అంతా బాగానే ఉంది అనుకుంటుండగా అసలు చిక్కు కనపడింది. ఖర్చు తగ్గించే ఆ సిలిండరు ఉండేది డిక్కీలో. మావయ్య గారి కుర్చీ పెట్టాల్సిందీ డిక్కీలోనే.

ఆ రోజు నుంచి షోరూములకి ఒట్టి చేతులతో వెళ్ళడం మానేసేం. మావయ్య గారినీ, కుర్చీనీ, ట్యూషన్ పిల్లల జామెట్రీ క్లాసుకి వాడే టేపునీ తీసుకుని వెళ్ళేం. కుర్చీ మడిస్తే మందం ఒక అడుగు లోపే గానీ వెనక చేతులు పట్టుకునే కర్రలు నిలువునా ఉండి ఎత్తు మూడడుగులు. వ్యాగన్ ఆర్ చూసేం. సీటు ఎత్తు ఎంత బాగుందంటే ఆయన ఇంట్లో మంచం మీద కూచున్నంత సుళువుగా కూచున్నారు, నాకు అదే తీసేసుకుందామనిపించింది, డిక్కీ తెరిస్తే సిలిండరు. కుర్చీ వెనక సీట్లో పెట్టుకోవాలి, పెడితే వెనక ఒక్కరే కూచోగలరు. ట్రైబర్‌లో మూడో వరస సీట్లు పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు, అప్పుడు డిక్కీ గోడౌన్ అంత, కానీ అది పెట్రోల్ బండి, గ్యాస్ కిట్టు విడిగా పెట్టించుకోవాలి, అప్పుడు మళ్ళీ సిలిండరు డిక్కీలోకే వస్తుంది. కుర్చీ విషయంలో అన్నిటికన్నా బాగా పట్టింది ఎర్టిగాలోనే, అది ఒప్పుకోవాలి. సిలిండరు మూడో వరస వెనకాల ఉన్నా సరే, మూడో వరసలో ఒక సగం మడిచి దాని మీద కుర్చీ, పక్క సగంలో అబ్బాయి, మొత్తం ఆరుగురం పట్టేస్తాం. మా ఆయన మొహం వెలిగిపోయింది.

కానీ ఎర్టిగా రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఆన్‌రోడ్ పన్నెండున్నర లక్షల దగ్గర. మేము చూసుకున్న చిన్న సీఎన్‌జీ బండి తొమ్మిది లోపు. మూడున్నర లక్షల తేడాకి ఐదేళ్ళ ఈఎంఐ నెలకి ఏడు వేల పైచిలుకు. మూడు నెలల్లో నాలుగుసార్లు ఆరుగురం వెళ్ళడానికి ట్రావెల్స్ బండి మాట్లాడుకుంటే, డ్రైవర్ బత్తాతో కలిపి మూడేసి వేలు వేసుకున్నా నెలకి నాలుగు వేలు. అదీగాక నాలుగు మీటర్లు దాటిన పొడుగు బండిని మా ఇంటి ముందు చప్టా మీద మలుపు తిప్పడం నాకు భయం, చప్టా కింద కాలవ. నడిపేది నేను, పక్కన కూచునేది కాలు చెయ్యి స్వాధీనంలో లేని మనిషి. ఈ మాట నేను గట్టిగానే చెప్పేను. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు సరే అన్నారు. అత్తయ్య గారు మాత్రం, అంతర్వేది తీర్థానికి అందరం ఒక బండిలో వెళ్దామనుకున్నానమ్మా అన్నారు. ఆవిడకి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

పంచ్ దగ్గర కుదిరింది. రెండు కారణాలు. ఒకటి, దాంట్లో ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పరిచినట్టు పెట్టి పైన పలక వేసేరు, కాబట్టి 210 లీటర్ల డిక్కీ మిగిలింది. రెండోది తలుపు. పూర్తిగా తొంభై డిగ్రీలు తెరుచుకుంటుంది, బండికి అడ్డంగా నిలబడిపోతుంది. ఫిజియోథెరపిస్టు ఆయనకి నేర్పింది ఏమిటంటే, కాలు ముందు పెట్టకూడదు, బండికి వీపు పెట్టి నిలబడి ముందు సీటు మీద కూచోవాలి, తర్వాత తిరగాలి అని. పాత బండిలో తలుపు సగమే తెరుచుకుని మోకాలికి అడ్డం వచ్చేది, సీటేమో కిందకి. ఇక్కడ మావయ్య గారు వెనక్కి తిరిగి నిలబడ్డారు, కుడి చేత్తో తలుపు పట్టుకున్నారు, మెల్లిగా కూచున్నారు. బాగున్న కుడి కాలు తనే లోపల పెట్టేరు. ఆ తర్వాత కుడి చేత్తో ఎడం కాలి పంచె పట్టుకుని ఎత్తి లోపలికి లాక్కున్నారు. నేను పక్కనే చేతులు చాపి ఉన్నాను, నా చెయ్యి తగల్లేదు. పద్దెనిమిది నెలల్లో మొదటిసారి ఎవరూ పట్టుకోకుండా బండెక్కేరు. ఎక్కి, ముందుకి చూస్తూ కూచున్నారు. షోరూమ్ అబ్బాయి ఫీచర్లు చెప్పబోతే మా ఆయన చెయ్యెత్తి ఆపేరు.

కుర్చీ మాత్రం దాంట్లోనూ పట్టలేదండి. కాళ్ళు పెట్టే రేకులు రెండూ విప్పినా, పార్సిల్ ట్రే తీసేసినా, ఆ వెనక కర్రలు తలుపుకి తగులుతున్నాయి, నాలుగంగుళాల తేడా. అప్పుడు మా అబ్బాయి అన్నాడు, అమ్మా వీపు దగ్గర కూడా మడత పడే కుర్చీలు ఉంటాయి, హాస్పిటల్లో చూసేను అని. ఎనిమిది వేల చిల్లర పెట్టి అలాంటిది కొన్నాం, అది పట్టింది. కారు మార్చే బదులు కుర్చీ మార్చేం. పాత కుర్చీ ఊళ్ళో అవసరమైన వాళ్ళకి ఇచ్చేం.

కొనే టైము గురించి కూడా చెప్పాలి, ఇక్కడ చాలామంది నష్టపోయేరు. పుస్తకంలో మూడు నెలల లెక్క పూర్తవకముందే, ఆగస్టు మొదట్లో మేము ఒక చోట పదకొండు వేలు కట్టి బుక్ చేసేం. ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని జీఎస్టీ తగ్గిస్తామని చెప్పేరు కదా, ఆ మర్నాడే ఆ షోరూమ్ నుంచి ఫోన్లు, బండి రెడీగా ఉంది తీసుకెళ్ళిపోండి, ఆ తగ్గింపు మీ దాకా రాదు, తర్వాత స్టాకు దొరకదు అని రోజుకి రెండుసార్లు. మా ఆయన మెత్తబడ్డారు, ఈ నెల కొబ్బరికాయల దింపు డబ్బులు కూడా చేతిలో ఉన్నాయి కదా అని. నేను ఆగుదామన్నాను. సెప్టెంబర్ 3న నిర్ణయం వచ్చింది, 22 నుంచి అమలు. నాలుగు మీటర్ల లోపు ఉండి, పెట్రోల్, గ్యాస్ బండి అయితే 1200 సీసీ మించని కార్లకి సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18 అయింది. ముందు పన్నుతో 129 రూపాయలయ్యేది ఇప్పుడు 118, అంటే నూటికి ఎనిమిదిన్నర తగ్గింపు. ఎర్టిగా లాంటి పొడుగు బండికి 45 ఉన్నది 40 అయింది, 145 కాస్తా 140, నూటికి మూడున్నర కూడా లేదు. అంటే చిన్న బండికీ పెద్ద బండికీ మధ్య తేడా ఇంకా పెరిగింది. మాకు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కలపని ఎక్స్‌షోరూమ్ ధరలోనే అరవై వేల పైన తగ్గింది. మొదటి చోట బుకింగ్ డబ్బు వెనక్కివ్వడానికి నెల తిప్పేరు, చివరికి ఇచ్చేరు, మేము వేరే చోట తీసుకున్నాం. దింపు డబ్బులు, ఆ ఏడాది కాయకి మంచి రేటు రావడం వల్ల, డౌన్ పేమెంట్‌కి సరిపోయేయి. దసరా నాడు డెలివరీ, అటునించటే అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ.

సీఎన్‌జీ బండి కొనేముందు నాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది, ముసలివాళ్ళున్న ఇళ్ళవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. గ్యాస్ కొట్టేటప్పుడు బండిలో ఎవరూ ఉండకూడదు, అందరూ దిగాలి. సేఫ్టీ రూలు, అది మంచిదే, సిలిండర్లో 200 బార్ ప్రెజర్ ఉంటుంది. కానీ మావయ్య గారిని దింపి ఎండలో నిలబెట్టి మళ్ళీ ఎక్కించడమంటే ఎలా? మొదటిసారి బంకు దాకా వెళ్ళి కొట్టించకుండా వెనక్కి వచ్చేసేను. తర్వాత దారి దొరికింది, ఆయన్ని ఫిజియోథెరపీ దగ్గర దింపితే ముప్పావుగంట పడుతుంది, ఆ ముప్పావుగంటలో నేను వెళ్ళి ఆటోల వెనక క్యూలో నిలబడి కొట్టించుకుని వస్తాను. ఒక్కోసారి ప్రెజర్ లేదంటారు. బంకుకి గ్యాస్ లారీల మీద సిలిండర్లలో వస్తే, ఆ సిలిండర్లు ఖాళీ అవుతున్న కొద్దీ ప్రెజర్ తగ్గి మన బండిలోకి సగమే ఎక్కుతుంది. లారీ ఎప్పుడొస్తుందో బంకులో కుర్రాడిని అడిగి తెలుసుకున్నాను, ఇప్పుడు ఆ వేళకే వెళ్తాను. నిండుగా ఎక్కితే ఎనిమిది కేజీలు, రాజమండ్రి వెళ్ళి రావడానికి సరిపోతుంది. పెట్రోల్ ఎప్పుడూ ఐదు లీటర్లకి తగ్గనివ్వను. సిలిండర్లకి మూడేళ్ళకోసారి టెస్టు చేయించాలి, ఆ తారీకు క్యాలెండర్ వెనక రాసి పెట్టేను.

ఆ ఐదు లీటర్లు అక్కరకొచ్చింది మొంథా తుఫానుకి. అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. సాయంత్రమే బండిని కొబ్బరి చెట్ల కింద నుంచి తీసి స్కూలు గ్రౌండులో మధ్యలో పెట్టేం. తెల్లారేసరికి మా వీధిలో రెండు స్తంభాలు పడున్నాయి, నాలుగు రోజులు కరెంటు లేదు, గ్యాస్ బంకు కూడా నడవలేదు. మూడో రోజు మావయ్య గారికి బీపీ మాత్రలు అయిపోతే పెట్రోల్ మీద అమలాపురం వెళ్ళొచ్చేను.

ఇప్పుడు నేను తప్పిన చోటు. పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నాను. లెక్క ప్రకారం నెలకి వెయ్యి కిలోమీటర్లు, నాలుగు వేల చిల్లర ఖర్చవ్వాలి. నవంబర్లో 1,340 కిలోమీటర్లు తిరిగేం. మా ఆయన చూసి, ఇదేంటి ఖర్చు అనుకున్నంత తగ్గలేదు, గ్యాస్ ఏమైనా లీకవుతోందా అన్నారు. పుస్తకం తీసి చూపించేను. కార్తీకమాసంలో ఒక సోమవారం పొద్దున్న మావయ్య గారు, ఇప్పుడు మాట కాస్త నత్తిగా వస్తుంది, అత్తయ్య గారిని పిలిచి పలివెల వెళ్దాం అన్నారు. పలివెలలో వాళ్ళక్కగారు ఉన్నారు, ఎనభై దాటిన మనిషి. జబ్బు చేసిన దగ్గర్నించీ ఆవిడే ఒకటి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళేరు తప్ప ఈయన వెళ్ళలేదు. మేము ఎన్నిసార్లు అడిగినా వద్దనేవారు. ఓపిక లేదేమో అనుకున్నాం. ఆ రోజు దారిలో అత్తయ్య గారు చెప్పేరు, ఓపిక కాదమ్మా, నలుగురూ పట్టుకుని ఎక్కించడం వీధిలో జనం చూస్తారని సిగ్గు అని.

జూన్ నుంచి ఆగస్టు దాకా నేను కూడిన 3,000 కిలోమీటర్లలో, ఆయన వద్దనుకుని ఇంట్లో కూచున్న రోజులు లేవు. వెళ్ళినవే రాసేను. వెళ్ళనివి రాయాలని తట్టలేదు.

ఉమా కొప్పులింగేశ్వరస్వామి గుడి ముందు బండి ఆపితే ఆయన తనే తలుపు తీసుకుని, కాలు చేత్తో బయట పెట్టుకుని, కుర్చీ తెచ్చేలోపు తలుపు పట్టుకుని నిలబడ్డారు. దర్శనం అయ్యేక అక్కగారింట్లో రెండు గంటలు కూచున్నాం. అక్కాతమ్ముళ్ళు ఎక్కువ మాట్లాడుకోలేదు, ఆవిడ ఆయన ఎడం చెయ్యి తన చేతుల్లో పెట్టుకుని నిమురుతూ కూచున్నారు. ఇంటికొచ్చి రాసుకున్నాను, పలివెల, 36 కిలోమీటర్లు, ముగ్గురు, కుర్చీ ఉంది. ఆ తర్వాత ఆ నెలలోనే అయినవిల్లి రెండుసార్లు, మోరి ఒకసారి, పాత స్నేహితుడి మనవరాలి పెళ్ళికి పి.గన్నవరం.

మొన్న మావయ్య గారు అంతర్వేది అన్నారు, మాఘమాసంలో కళ్యాణానికి. అమ్మాయికి కూడా సెలవులు చూసుకుని రమ్మని చెప్పేం, ఆరుగురం అవుతాం కాబట్టి ట్రావెల్స్ బండి మాట్లాడాలి. అది ముందు సీటు ఎత్తుగా ఉన్న బండేనా, తలుపు బాగా తెరుచుకుంటుందా అన్నది ముందే అడిగి ఉంచమని అత్తయ్య గారు రెండుసార్లు గుర్తుచేసేరు.